భగేలా: ఋణదాస్యము, పత్రబద్ధ సేవ, బానిసత్వము

భగేలా యనునది పూర్వపు హైదరాబాదు రాజ్యమునందలి తెలంగాణా జిల్లాలలో, మంజీరా గోదావరుల నడుమనున్న నిజామాబాదు సీమ మొదలుకొని వరంగల్లు వఱకును, ఇరువదవ శతాబ్ది నడిమి భాగము దాకను వ్యాపించియుండిన ఋణదాస్య పద్ధతి. బీదవాడొకడు పెండ్లికో, చావునకో, కఱవు కాలమున గింజలకో భూస్వామియొద్ద కొంత సొమ్ము పుచ్చుకొని, ఆ సొమ్ము తీఱువఱకును తన రెక్కల కష్టమును ఆ యింటికే యప్పగించుటకు సమ్మతించుట దీని స్వరూపము; అట్లు కట్టుపడిన మనుష్యునికిని భగేలా యనియే వ్యవహారము. ఇట్టివారిలో పెక్కురు మాల, మాదిగ కులములవారు. అడవి సరిహద్దు గ్రామములలో గిరిజనులును కలరు.

దీనిని బానిసత్వమనవలెనా, ఒడంబడిక కూలి యనవలెనా యను ప్రశ్న పాతది. పదునేడవ శతాబ్దమున అమెరికా వలసలలో ఈ రెండు విధముల పరాధీన శ్రమయు ఒకే పొలములో, ఒకే యజమాని క్రింద ప్రక్కప్రక్కన నడచి, పిమ్మట న్యాయస్థానముల చేతను శాసనసభల చేతను ఒకదానినుండి యొకటి వేఱుచేయబడెను గనుక, ఆ చరిత్ర తెలిసినగాని మన భగేలా స్థానము స్పష్టపడదు.

అమెరికా వలసలలో రెండు కట్లు

1607లో జేమ్స్‌టౌన్ వెలసిన నాటినుండి వర్జీనియాలో భూమికి కొదువ లేదు. కొంతకాలమునకు అచ్చట పండిన పొగాకునకు ఐరోపాలో గిరాకికిని కొదువ లేకపోయెను. కొదువ యెల్ల పనివానికే. ఓడకూలి చెల్లింపలేని ఇంగ్లీషు యువకులును, వారితోపాటు కొందఱు స్కాట్లండు, ఐర్లండు వాసులును, నాలుగు మొదలు ఏడేండ్ల వఱకు పని చేసెదమని పత్రము వ్రాసియిచ్చి ఓడ యెక్కిరి; వారిని రప్పించినవానికి తలకు 50 ఎకరముల చొప్పున భూమి లభించెను. ఈ పత్రబద్ధుల బ్రదుకు సుఖమైనదని యెవరును భ్రమపడరాదు. యజమాని వారి మిగిలిన గడువును మఱియొకనికి అమ్మవచ్చును. అనుమతి లేక వారు పెండ్లియాడరాదు. పాఱిపోయి పట్టుబడినచో గడువు పెరుగును. సేవాకాలమున బిడ్డను గన్న స్త్రీకి అదనపు సేవ శిక్ష. జ్వరములకును దురుసు పనికిని తాళలేక గడువు తీఱకముందే మరణించినవారు అసంఖ్యాకులు. అయినను, బ్రదికి గట్టెక్కినవానికి కొంత మొక్కజొన్నయు, బట్టలును, కొన్ని యెడల పనిముట్లో భూమియో ముట్టజెప్పి యజమాని వానిని విడువవలసినదే. నడుమ అన్యాయము జరిగినచో న్యాయస్థానమున మొఱపెట్టుకొను అధికారమును వానికి గలదు.

1619లో పాయింట్ కంఫర్టు రేవున దిగిన ఆఫ్రికనుల చేతిలో అట్టి పత్రమేదియు లేదు. ఆరంభ దశాబ్దములలో వారి స్థితి చట్టమున నిర్ణీతము కాక, కొందఱు కాలక్రమమున స్వతంత్రులై భూములు సంపాదించుటయు జరిగెను. ఆ సందిగ్ధత తొలగిన తీరును చూపు వ్యవహారము 1640 నాటి జాన్ పంచ్ కేసు. ముగ్గురు సేవకులు కలసి మేరీలాండునకు పాఱిపోయి పట్టుబడిరి. కొరడా దెబ్బలు ముగ్గురికిని సమానమే. కాని డచ్చివానికిని స్కాట్లండువానికిని గడువుపై నాలుగేండ్లు చేర్చిన న్యాయస్థానము, నల్లజాతివాడగు పంచ్ మాత్రము యావజ్జీవము సేవ చేయవలసినదని శాసించెను. తల్లి యే స్థితిలో నుండునో బిడ్డయు నా స్థితియే పొందునని 1662 నాటి శాసనము నిర్ణయించెను. క్రైస్తవ దీక్ష దాస్యమునుండి విముక్తి నీయజాలదని 1667లో చెప్పిరి. 1676లో నథానియేల్ బేకన్ నడపిన తిరుగుబాటున తెల్ల సేవకులును నల్ల దాసులును ఒక్కటై ఆయుధములు పట్టుట చూచి బెదరిన భూస్వాములు, తదాదిగా గడువు లేని ఆఫ్రికను శ్రమవైపే మొగ్గిరని పలువురు చరిత్రకారులు చెప్పుదురు. 1705 నాటి శాసనములతో దాసుడు స్థిరాస్తిగా పరిగణింపబడెను.

దెబ్బల సంఖ్యనుబట్టియు కూటి పరిమాణమునుబట్టియు ఈ రెంటిని వేఱుచేయబూనుట వ్యర్థము. ఆ లెక్కలో పెక్కుమాఱులు భేదము కానరాదు. కట్టునకు గడువు కలదా, అది బిడ్డలకు సంక్రమించునా, లెక్క యెవరి చేతిలో నున్నది, ఆ లెక్కపై మొఱపెట్టుకొనుటకు వేఱొక చోటు కలదా యని విచారించినచో మాత్రము భేదము తేటపడును. 1850, 1860 సంవత్సరముల అమెరికా జనగణనలో దాసుల పట్టికలు యజమాని పేరు క్రింద వారి వయస్సును, లింగమును, వర్ణమును మాత్రమే చూపునుగాని సాధారణముగా వారి పేర్లను చూపవు. పత్రబద్ధ సేవకుడు పత్రమున కక్షిదారు; దాసుడు పట్టికయందలి సొత్తు.

ధర్మశాస్త్రములలో ఋణదాసుడు

మన ప్రాచీనులు ఋణము వలన గలిగిన సేవను ఒడంబడికగా గాక దాస్యముగానే లెక్కించిరి. మనుస్మృతి దాసులు ఏడు విధములనగా, నారదస్మృతి పదునైదు విధములని వివరించి, అందు తాకట్టు పెట్టబడినవానిని, పెద్ద అప్పునుండి విడిపింపబడి విడిపించినవానికి దాసుడైనవానిని ప్రత్యేకముగా పేర్కొనెను. అర్థశాస్త్రము ఇంకను ముందునకు పోయి, తాకట్టుపడినవానిచేత శవమునుగాని మలమూత్రాదులనుగాని ఎత్తించిన యజమాని తానిచ్చిన సొమ్మును కోల్పోవునని విధించినది. అట్టి రక్షణ పల్లెలలో ఎంతవఱకు నడచెనో గాని, ఋణదాసుడు స్వేచ్ఛాకూలి యను మాట మాత్రము ఆ గ్రంథకర్తలు అనలేదు. ఆ మాట పందొమ్మిదవ శతాబ్దమున వచ్చినది. 1843 నాటి అయిదవ చట్టముచే బ్రిటిషు ఇండియాలో న్యాయస్థానములు దాస్యమును హక్కుగా గుర్తించుట మాని, మనుష్యుని అమ్మకము అడుగంటినంతనే, అదే మనుష్యుడు అదే దొడ్డిలో అదే పనిని అప్పు పేరిట చేయుట వ్యవహార ధర్మమై నిలిచెను. 1859 నాటి పదుమూడవ చట్టము బయానా పుచ్చుకొని పని మానిన కూలిని శిక్షార్హునిగాకూడ చేసెను. అది 1920 దశకమున గాని రద్దు కాలేదు.

సముద్రము దాటిన తెలుగువారు

అమెరికాలో పత్రబద్ధ సేవ తరువాత బానిసత్వము ప్రబలగా, బ్రిటిషు సామ్రాజ్యమున ఈ క్రమము తలక్రిందులై, బానిసత్వము రద్దయిన వెనుక పత్రబద్ధ సేవ ప్రవేశించెను. 1834 మొదలు మారిషసునకు, 1860 మొదలు నేటాలునకు, 1879 మొదలు ఫిజీకి భారతీయ కూలీలు ఐదేండ్ల, కొన్ని యెడల అంతకు తక్కువ గడువుల ఒప్పందములపై తరలింపబడిరి. మూడును చక్కెర దేశములే యగుట యాదృచ్ఛికము గాదు. నఱికిన చెఱకు ఒకటి రెండు దినములలో గానుగ కెక్కనిచో అందలి తీపి తఱుగును. కావున చెఱకు యజమానికి కావలసినది చౌకయైన కూలి మాత్రమేకాక, కోత దినములలో విడిచి పోజాలని కూలి.

తెలుగువారు కాకినాడ చెంతనున్న కోరంగి రేవు నుండియు, మద్రాసు నుండియు ఓడ లెక్కిరి; మారిషసు, బర్మా దేశములలో తెలుగువారికి కోరంగీలను పేరు ఆ రేవు వలన వచ్చినదే. విశాఖపట్నము, గంజాము, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాలు ఇందు ప్రధానములు. 1860 నవంబరు 16వ తేదీన డర్బను చేరిన ట్రూరో ఓడలో మద్రాసు నుండి వచ్చిన తెలుగు, తమిళ కూలీలుండిరి. నాటినుండి 1911 వఱకు నేటాలు చేరిన లక్షన్నరకు పైబడిన కూలీలలో అధికులు మద్రాసు రేవు మీదుగా పోయినవారే. ఫిజీకి మాత్రము మద్రాసు నుండి కూలీలను చేర్చుట 1903లో మొదలాయెను.

నేటాలు ఒప్పందము ప్రకారము మొదటి యేట నెలకు పది షిల్లింగుల జీతము, ఏడాదికొక షిల్లింగు చొప్పున హెచ్చు, పైని బియ్యము పప్పు. ఐదేండ్ల పిదప స్వేచ్ఛ, పదేండ్ల పిదప తిరుగు ప్రయాణము ఉచితము. మారిషసులో ఒక్కనాడు పనికి రానివానికి రెండు దినముల జీతము కోయు పద్ధతి యుండెను. గడువు తీఱినవాడు మరల పత్రము వ్రాయకను, స్వదేశము పోకను నిలిచినచో ఏటేట మూడు పౌనుల పన్ను చెల్లింపవలెనని నేటాలు శాసనసభ 1895లో చట్టము చేసెను. గడువును కాగితముపై నుంచి ఆచరణలో హరించు ఉపాయములలో ఇంతకు మించినది దుర్లభము. గాంధీ నాయకత్వమున 1913లో గని కూలీలును చెఱకుతోటల కూలీలును సమ్మె కట్టినమీదట 1914లో ఆ పన్ను రద్దాయెను. క్రొత్త కూలీలను చేర్చుట 1917లో నిలిచి, ఫిజీలో మిగిలిన ఒప్పందములు 1920 జనవరి 1వ తేదీన రద్దుచేయబడెను.

ఈ పద్ధతిని క్రొత్తరకపు బానిసత్వమని చరిత్రకారుడు హ్యూ టింకర్ 1974లో తన గ్రంథమున వర్ణించెను. తదనంతర పరిశోధకులు కొందఱు దానిని అతిశయోక్తి యనిరి. ఈ వివాదమున నా మ్రొగ్గు రెండవ పక్షము వైపునకే. కొరడా, చెఱ, వ్యాధి, స్త్రీలపై అత్యాచారము ఇవి యెల్ల ఉండెను. అయినను ప్రతి కూలికిని ఒక సంఖ్య, ఆ సంఖ్య క్రింద వాని పేరు, తండ్రి పేరు, కులము, తాలూకా, గ్రామము, వాని వ్యవహారము చూచుటకు వలస కూలీల సంరక్షకుడను ఉద్యోగి, నామమాత్రముగానైనను, ఉండిరి. ముత్తాత యూరు వెదకికొనుచు డర్బను నుండి నేడు విశాఖ జిల్లాకు వచ్చువారు ఆ పట్టికలను చేతబట్టుకొనియే వచ్చుచున్నారు.

గడి నీడలో

నిజాము రాజ్యము బ్రిటిషు వలస చట్టములు నేరుగా వర్తింపని సీమ. ఇచ్చట పల్లెలోని పరాధీన శ్రమ మూడు తెఱగులు. వీనిని ఒకటిగా కలుపుట మన వ్యాసకర్తలలో తఱచు కానవచ్చు లోపము. వెట్టి యనగా కులవృత్తులవారు ఊరి అధికారులకును, గడులలో వసించు దొరలకును (భూస్వాములకును) కూలి లేక చేయవలసిన చాకిరి: కుమ్మరి కుండలు, మాదిగ చెప్పులును మోటబొక్కెనలును, చాకలి మంగలుల సేవ, ఉద్యోగి వచ్చినచో సామాను మోత. ఇది ఊరిపై పడిన భారము, అప్పుతో దీనికి నిమిత్తము లేదు. జీతము ఏటికొక తూరి కుదుర్చుకొను సేవ. సాధారణముగా ఉగాది నుండి ఉగాది వఱకు. గడువు తీఱినపుడు జీతగాడు వేఱొక యింట కుదురవచ్చును. మూడవది భగేలా. జీతగాడు జీతమునకు ముందుగా సొమ్ము వాడుకొని, ఆ యేడు తీర్చలేక, మఱుసటి యేడు మఱికొంత వాడుకొని, క్రమముగా భగేలా యగుట సామాన్యము; కావున ఈ రెంటికి నడుమ హద్దు ఎప్పుడును చెఱగుచు నుండెడిది.

భగేలా కట్టు నందలి రహస్యమంతయు లెక్కలో నున్నది. పుచ్చుకొన్న మొత్తము స్వల్పమైనను, చేసిన పని పెక్కు సందర్భములలో వడ్డీ క్రిందనే చెల్లును, అసలు అట్లే నిలుచును. తిండికై ఇచ్చు జొన్నలు, ఏటికొక గొంగడి, ఒక చెప్పుల జత, వీనిలో కొన్ని దయ యనబడును, కొన్ని మరల పద్దుకెక్కును. రోగమువచ్చి మంచము పట్టిన దినములు బాకీకి చేరును. గింజలు అప్పు పుచ్చుకొన్నచో నాగు, అనగా పుట్టెడు గింజలకు పుట్టిన్నర. భార్య దొర యింట వాకిలి ఊడ్చి పేడ యెత్తును, కొడుకు పశువులను కాచును. పత్రమున వారి పేర్లుండవు, పనిలో మాత్రముందురు. తండ్రి మరణించినపుడు కొడుకు ఆ బాకీని భుజమున వేసికొనును. వర్జీనియా శాసనము బిడ్డను తల్లి గర్భము వలన దాసుని చేసినది. ఇచ్చట తండ్రి పద్దు వలన అదే ఫలము సిద్ధించెను, ఏ శాసనమును దానికై చేయవలసిన అగత్యము లేకయే.

చదువు రాని భగేలా ఆ పద్దు చూచుకొనజాలడు. చూపుమని అడుగు ధైర్యము వానికుండదు. అడిగినను మొఱ వినవలసిన పటేలు, పట్వారీలు దొరకు బంధువులో ఆశ్రితులో. పాఱిపోయినచో ఆ చుట్టుపట్ల పని దొరకదు. వానిని సంతలో అమ్ముట లేదు గాని, వేఱొక దొర బాకీ తీర్చి వానిని తన యింటికి మార్చుకొనుట కలదు. అనగా బానిసత్వ లక్షణములలో సంక్రమణమును, పత్రబద్ధ సేవా లక్షణములలో సమ్మతియను పేరును కలిపి, ఆ రెండవదానికి ప్రాణమైన గడువును విడిచిన పద్ధతి యిది. వ్యక్తిపై హక్కు దొరకు లేదని సర్కారు చెప్పుటలో అబద్ధము లేదు, అంతమాత్రమున ప్రయోజనమును లేదు.

ఆర్థికశాస్త్రవేత్త యస్. కేశవ అయ్యంగారు 1929–30లో హైదరాబాదు రాజ్య గ్రామములలో జరిపిన ఆర్థిక పరిశోధనలలో భగేలాల స్థితి వెల్లడియైనది. బిహారు–ఒరిస్సాలలో కమియా యను ఇట్టి పద్ధతిని అదుపుచేయ 1920లో ఒక చట్టము వచ్చియుండెను. ఆ కోవలోనే హైదరాబాదు ప్రభుత్వము 1936లో భగేలా ఒప్పందముల నిబంధనను, 1943లో తత్సంబంధమైన చట్టమును వెలువరించెను. మద్రాసు ప్రభుత్వము తన ఏజెన్సీ ప్రాంతములకై 1940లో ఋణదాస్య నిర్మూలన నిబంధన చేసెను. ఇవన్నియు అప్పును క్రమబద్ధము చేయజూచినవే కాని, అప్పు చేయింపజేసిన భూమి లేమిని తాకలేదు. వెట్టి విషయమున ఆంధ్రమహాసభ 1930లో జోగిపేట నుండి వినిపించిన గళము (ఆఱవ సభ 1937లో మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజామాబాదుననే జరిగెను) 1946 జూలై 4న కడవెండి గ్రామమున సంఘ కార్యకర్త దొడ్డి కొమరయ్య మరణానంతరము సాయుధ పోరాటముగా మాఱెను; ఆ పోరాటము బలముగా నడచిన పల్లెలలో దొరలతోపాటు వారి పద్దుపుస్తకములును కదలిపోయినవి. 1949లో జాగీర్దారీ రద్దు, 1950లో కౌలుదారీ చట్టము దరిమిలా వచ్చినవి.

మంజీరా నీరు, షక్కర్‌నగరము

బోధను ప్రాంతమున ఈ చరిత్ర ఒక విచిత్రమైన మలుపు తిరిగెను. 1923–31 మధ్య ఇంజనీరగు నవాబు అలీ నవాజ్ జంగు మంజీరాపై నిజాంసాగరమును నిర్మింపజేసెను. అంతవఱకు వానకారు జొన్నలు పండిన మెట్టకు కాలువ నీరు వచ్చి, వరియు చెఱకును పండినవి. 1937లో స్థాపితమైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ బోధను చెంత షక్కర్‌నగరమున వెలసి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరొందెను. కృష్ణా, గోదావరి మండలముల రైతులు వచ్చి కాలువల క్రింద భూములు కొని క్యాంపులను పేరిట క్రొత్త ఊళ్లు కట్టిరి.

చక్కెర యెచ్చట కాలుమోపినను దాసులనో పత్రబద్ధులనో వెంట తెచ్చినది. బోధనునకు మాత్రము కూలి ఒప్పందముల ఓడలు ఆగిన పిమ్మట వచ్చినది. ఫ్యాక్టరీలో నెల జీతము, హాజరు పట్టిక, తరువాత కార్మిక సంఘములు. దొర పద్దునకు వెలుపల నాణెము దొరకు స్థలము ఒకటి ఆ పల్లెల నడుమ ఏర్పడెను. దీనివలన భగేలా పద్ధతి తుడిచిపెట్టుకొని పోయెనని చెప్పరాదు; నీటిసాగు కూలి గిరాకిని పెంచినందున మనుష్యుని కట్టివేయవలెనను భూస్వామి కోరికయు పెరుగుట సహజము. కాని చెఱకు కోతలో ఆ కట్టు రూపు మాఱెను. నఱకుడు కూలీలను మేస్త్రీలు, ముకద్దములు ముందు సొమ్మిచ్చి జట్లుగా తెచ్చుట, ఆ సొమ్ము కోత ముగియులోగా పనిలో తీఱుట ఏర్పడినవి. మంజీరాకు పడమట మరాఠీ సీమలో ఈ ముందు సొమ్మును ఉచల్ అనియు, ఒక కత్తితో పనిచేయు భార్యాభర్తల జంటను కొయతా అనియు అందురు. మన పాలమూరు కూలీలు గుంపుమేస్త్రీల వెంట దేశమెల్ల తిరిగి ఆనకట్టలు కట్టినది ఇట్టి ముందు సొమ్ముపైననే. ఇది భగేలా కాదు. గడువు గలదు, కాలము ఒక్క ఋతువు. అయినను తీఱని సొమ్ము మఱుసటి ఋతువునకు సాగినపుడు పాత నీడ దీనిపై పడును. బోధను కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను.

1976 చట్టమును పిమ్మటను

రాజ్యాంగము 23వ అధికరణము బేగారును నిషేధించినను, శిక్షాస్మృతి దాస్యమును నేరముగా ప్రకటించినను, ఋణదాస్యము వానికి చిక్కలేదు. 1975 అక్టోబరులో వచ్చిన ఆర్డినెన్సు స్థానమున చేయబడిన 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము దేశమునందలి ఇట్టి పద్ధతుల పేర్లను వరుసగా పేర్కొనగా, అందు భగేలా, జీతా, పాలేరు, వెట్టి యను నాలుగును మనవియే. ఈ చట్టపు ప్రధాన విశేషము, కట్టుతోపాటు బాకీని కూడ రద్దుచేయుట. 1936 నాటి ఆలోచన ఇంత దూరము పోలేదు. విముక్తుల గుర్తింపును, పునరావాసమును జిల్లా కలెక్టరులకు అప్పగించిరి. ఆంధ్రప్రదేశమున ఈ పనిని కాగితముల నుండి పల్లెలకు దింపిన అధికారులలో యస్.ఆర్. శంకరన్ అగ్రగణ్యుడు. 1982లో సుప్రీంకోర్టు, ఆకలిచే కనీస వేతనమునకు తక్కువకు పనిచేయుటయు బలవంతపు చాకిరియే యని తీర్పు చెప్పి, సమ్మతి యను పాత వాదమునకు చాలవఱకు అడ్డుకట్ట వేసినది.

1970 దశకము నుండి నిజామాబాదు, ఆర్మూరు, బోధను ప్రాంతములవారు గల్ఫు దేశములకు వేలాదిగా పోవుచున్నారు. ఏజెంటునకు చెల్లింప ఊరిలో వడ్డీకి అప్పు చేసి, రెండేండ్ల ఒప్పందముపై విమానమెక్కి, కఫీలు (పూచీదారు యజమాని) అనుమతి లేక పని మారజాలక, కొన్ని యెడల పాస్‌పోర్టు యజమానిచేత జిక్కి బ్రదుకువారి స్థితిని పూర్వపు ఏ గదిలోను ఇముడ్చుట కష్టము. భగేలాలో అప్పిచ్చినవాడును పని పుచ్చుకొన్నవాడును ఒక్కడే. ఇచ్చట అప్పు ఊరిలో, పని ఎడారిలో. ఒప్పందమునకు గడువు గలదు, అప్పునకు లేదు. గడువు తీఱి తిరిగివచ్చినవాడు ఆ అప్పునకై మరల అదే విమానమెక్కును. ఖతరు దేశము 2020లో పని మారుటకు పూర్వ యజమాని అనుమతి అక్కఱలేదని చట్టము సవరించెను. సౌదీ అరేబియా మఱుసటి యేట కొన్ని సడలింపులు చేసెను. మన 1983 నాటి వలస చట్టము ఏజెంటుల లైసెన్సులకును రుసుములకును హద్దులు విధించును; ఊరిలో వడ్డీకి తెచ్చిన అప్పు దాని పరిధిలోనికి రాదు.